తాతల నాటి విదేశీ పాలసీ ఎవరి పూచీ?

బీమా కంపెనీల్లో విదేశీ పెట్టుబడి పరిమితిని 100 శాతానికి పెంచే సవరణను పార్లమెంట్ 2025 డిసెంబర్‌లో ఆమోదించింది. ఆ తర్వాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విదేశీ కంపెనీల గురించే. అందులో ఏడు ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

పాత ఇల్లు పడగొడుతుంటే ట్రంకు పెట్టెలో మా తాతగారి పాలసీ కాగితం దొరికింది. 1949లో ఒక కెనడా కంపెనీ మద్రాసు ఆఫీసు ఇచ్చింది. మొత్తం 3,000 రూపాయలు, గడువు 25 ఏళ్లు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ కంపెనీ ఇప్పుడు మళ్లీ మన దేశంలో వ్యాపారం చేస్తోందట. వాళ్లనే అడగాలా?
– ఒక పాఠకురాలు, గుడివాడ

వాళ్లను కాదు, ఎల్‌ఐసీని అడగాలి. 1956 జనవరి 19న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి జీవిత బీమా కంపెనీలన్నింటి నిర్వహణను తన చేతిలోకి తీసుకుంది. అవి మొత్తం 245: భారతీయ కంపెనీలు 154, విదేశీవి 16, ప్రావిడెంట్ సొసైటీలు (చిన్న మొత్తాల బీమా ఇచ్చే సంఘాలు) 75. ఆ ఏడాది సెప్టెంబర్ 1న వాటి జీవిత బీమా ఆస్తులూ అప్పులూ ఎల్‌ఐసీకి బదిలీ అయ్యాయి. విదేశీ కంపెనీల విషయంలో బదిలీ అయింది వాటి భారతదేశ వ్యాపారం మాత్రమే. ఆ రోజుతో ఆ కంపెనీలకు ఇక్కడి పాలసీలతో సంబంధం తెగిపోయింది. 2000 తర్వాత అదే పేరు మళ్లీ కనిపించినా అది కొత్తగా రిజిస్టరైన వేరే కంపెనీ. పాత పాలసీలకు దానికి పూచీ లేదు.

ముందు ఆ కాగితాన్ని జాగ్రత్తగా చదవండి. చూడాల్సినవి నాలుగు. మొదటిది, పాలసీ ఇచ్చిన ఆఫీసు. మద్రాసు అన్నారు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. అప్పట్లో మనవాళ్లు చాలామంది రంగూన్‌లో ఉద్యోగాలు చేశారు. అలాంటి చోట విదేశీ కంపెనీ శాఖ ఇచ్చిన పాలసీ ఎల్‌ఐసీ ఖాతాలోకి రాదు, ఆ కంపెనీ హెడ్డాఫీసుకే రాయాలి. రెండోది, పాలసీ నంబరు, దాని పక్కనే ఉండే మొదలైన తేదీ. పాత కంపెనీ పేరు చెప్పకుండా నంబరు ఒక్కటే ఇస్తే ఎవరూ వెతకలేరు, ఎందుకంటే ఒకే నంబరు పది కంపెనీల్లో ఉండవచ్చు. మూడోది, కాగితం వెనక వైపు. పాలసీని అప్పుకు హామీగా రాసిచ్చి ఉంటే ఆ రాతకోత సాధారణంగా అక్కడే ఉంటుంది. 'ఫలానా వారికి దఖలు పరిచితిని' అని ఉండి, తిరిగి రాసిచ్చినట్టు రెండో రాత లేకపోతే హక్కు మీది కాదు. నాలుగోది, మడతల్లో ఇరుక్కున్న ప్రీమియం రసీదులు. అన్నిటికన్నా విలువైనవి అవే.

రసీదుల సంగతి ఎందుకంటే, పెద్దాయన మధ్యలో కట్టడం మానేసి ఉండవచ్చు. 1938 బీమా చట్టం 113వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు ప్రీమియం కట్టిన పాలసీ పూర్తిగా చచ్చిపోదు. పెయిడప్ పాలసీగా మిగులుతుంది. స్థూలంగా లెక్క ఇలా ఉంటుంది: 25 ఏళ్లలో 10 ఏళ్లు కట్టి ఉంటే 3,000లో 25కు 10 వంతులు, అంటే 1,200 రూపాయలు. అప్పటిదాకా జమైన బోనస్ ఉంటే దానికి కలుస్తుంది. పాలసీ మీద లోను తీసుకుని వడ్డీ కట్టకపోతే ఇదీ మిగలకపోవచ్చు.

ఆ తర్వాత మీకు దగ్గరి ఎల్‌ఐసీ డివిజనల్ ఆఫీసుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. పాత కంపెనీ పేరు, పాలసీ నంబరు, తేదీ, తాతగారి పూర్తి పేరు, తండ్రి పేరు, అప్పటి చిరునామా రాయాలి. పాలసీ రెండు వైపులా జిరాక్సు, మరణ ధ్రువపత్రం జతచేయండి. అసలు కాగితం మాత్రం పోస్టులో పంపొద్దు, కౌంటర్లో చూపించి తెచ్చుకోండి. దరఖాస్తు రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవడం మరిచిపోవద్దు. నామినీ బతికి లేకపోతే వారసులమని రుజువు కావాలి, కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ అడగవచ్చు. దానికయ్యే ఖర్చు వచ్చే సొమ్ము కన్నా ఎక్కువ కావచ్చు. అందుకే ముందుగా 'ఈ పాలసీ కింద ఇవ్వాల్సింది ఎంత' అని మాత్రమే అడగండి, కోర్టు మాట తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో మాట. పదేళ్లు దాటినా ఎవరూ అడగని బీమా సొమ్మును కంపెనీలు ఏటా సెప్టెంబర్ 30 నాటికి లెక్కగట్టి, మరుసటి మార్చి 1 లోపు కేంద్రం నడిపే సీనియర్ సిటిజన్ల సంక్షేమ నిధికి జమ చేస్తాయి. అక్కడికి చేరాక కూడా 25 ఏళ్ల పాటు క్లెయిమ్ చేసుకోవచ్చు, అదీ కంపెనీ ద్వారానే. ఎల్‌ఐసీ వెబ్‌సైట్‌లో 'అన్‌క్లెయిమ్డ్ అమౌంట్స్' పేజీలో పేరుతో ఒకసారి వెతికి చూడండి. అంత పాత పాలసీ అందులో కనిపించకపోయినా ఆశ వదులుకోకుండా దరఖాస్తు పెట్టండి.

తెల్లవాళ్ల కంపెనీలు మనవాళ్ల దగ్గర ఎక్కువ ప్రీమియం గుంజేవని విన్నాం. నిజమేనా?
– ఒక పాఠకుడు, తణుకు

నిజమే. 1818లో కలకత్తాలో మొదలైన ఓరియంటల్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇక్కడున్న ఐరోపావాళ్ల కోసం పుట్టింది. 1834లో మూతపడింది. 1829లో మద్రాసులో ఈక్విటబుల్ వచ్చింది. చాలా కాలం భారతీయుల దరఖాస్తునే ఈ కంపెనీలు తీసుకోలేదు. కలకత్తాలో మతీలాల్ శీల్ వంటి పెద్దలు పట్టుబట్టాక తీసుకున్నాయి గానీ, మనవాళ్లను 'నాసిరకం ప్రాణాలు'గా లెక్కగట్టి భారీగా అదనం వేశాయి.

ప్రీమియం నిలబడేది మరణాల పట్టిక మీద. ఏ వయసులో వెయ్యి మందికి ఎందరు పోతారో చెప్పే ఆ పట్టికను ఇంగ్లండ్ జనం లెక్కలతో తయారు చేశారు. భారతీయుల మరణాల మీద వాళ్ల దగ్గర నమ్మదగిన పట్టిక లేదు. జనన నమోదు లేక వయసుకు రుజువూ ఉండేది కాదు. తెలియనిదాన్నంతా ప్రమాదం కిందే జమకట్టారు. బీమాలో అదనం వేసే దారులు రెండు: ప్రీమియం మీద ఇంత శాతమని కలపడం, లేదా అసలు వయసు కన్నా కొన్నేళ్లు పెద్దవాడిగా భావించి ఆ వయసు రేటు వసూలు చేయడం. రెండోది బయటికి కనిపించదు. పాలసీ కాగితంలో వయసు తప్పుగా పడిందనుకుంటాం, నిజానికి అది అదనపు ప్రీమియం.

దీన్ని బద్దలు కొట్టింది 1870లో పుట్టిన బాంబే మ్యూచువల్ లైఫ్ అష్యూరెన్స్ సొసైటీ. భారతీయుల ప్రాణాలకు మామూలు రేట్లకే బీమా ఇచ్చింది. 1874లో బొంబాయిలోనే ఓరియంటల్ గవర్నమెంట్ సెక్యూరిటీ లైఫ్ వచ్చింది. పేర్లు ఒకేలా ఉండటంతో చాలామంది పొరబడుతుంటారు: 1818 నాటి ఓరియంటల్ వేరు, 1874 నాటిది వేరు. ఇప్పుడు వాహన బీమా ఇస్తున్న ప్రభుత్వ రంగ ఓరియంటల్ ఇన్సూరెన్స్, ఆ రెండో కంపెనీకి అనుబంధ సంస్థగా 1947లో మొదలైంది.

ఇంగ్లండ్ కంపెనీలంటే గట్టివని పెద్దవాళ్ల నమ్మకం. అవి దివాలా తీసిన సందర్భాలున్నాయా?
– ఒక పాఠకుడు, కర్నూలు

ఉన్నాయి. వాటిలో పెద్దది 1869 ఆగస్టులో కూలిన ఆల్బర్ట్ లైఫ్. లండన్ కంపెనీయే అయినా భారతదేశంలో గట్టి వ్యాపారమే చేసింది. ఇక్కడ ఉద్యోగాలు చేస్తూ ఏళ్ల తరబడి ప్రీమియం కట్టినవాళ్లు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వెంటనే యూరోపియన్ అష్యూరెన్స్ అనే మరో పెద్ద కంపెనీ కూడా అదే దారి పట్టింది.

ఎందుకు కూలిందో తెలుసుకోవడం ఇవాళా అవసరమే. ఆల్బర్ట్ ఇరవైకి పైగా చిన్న కంపెనీలను మింగింది. కొన్న ప్రతి కంపెనీతో పాటు దాని పాత పాలసీదారుల భారం కూడా వచ్చింది. ఆ కొనుగోళ్లకూ కమీషన్లకూ ఖర్చు పెట్టింది పాలసీదారులు కట్టిన ప్రీమియమే. జీవిత బీమాలో మొదటి ఏళ్లలో క్లెయిమ్‌లు తక్కువ, డబ్బు బాగా వస్తుంది. వచ్చిందంతా లాభం కాదు, అందులో ఎక్కువ భాగం రేపటి మరణాలకు దాచాల్సిన నిల్వ. ఆ నిల్వ ఎంత ఉండాలో లెక్కగట్టమని గానీ, దాన్ని విడిగా ఉంచమని గానీ అప్పటి ఇంగ్లండ్ చట్టం అడగలేదు. గల్లాపెట్టె ఖాళీ అయ్యేదాకా బయటివాళ్లకు తెలియలేదు.

ఈ దెబ్బతో 1870లో బ్రిటన్ కొత్త చట్టం చేసింది. కొత్త జీవిత బీమా కంపెనీ కోర్టులో 20,000 పౌండ్లు డిపాజిట్ చేయాలి. లైఫ్ ఫండ్ 40,000 పౌండ్లకు చేరితే అది తిరిగి ఇస్తారు. జీవిత బీమా నిధిని మిగతా వ్యాపారం నుంచి వేరుగా ఉంచాలి, యాక్చువరీతో (బీమా గణిత నిపుణుడితో) లెక్క కట్టించాలి. అయితే ఆ డిపాజిట్ ఉండేది లండన్‌లో. బందరులో ప్రీమియం కట్టినవాడు తన సొమ్ము కోసం లండన్ కోర్టు గడప తొక్కాలి. ఇక్కడి నుంచి 1956 దాకా, ఆ మాటకొస్తే 2025 దాకా, విదేశీ కంపెనీలపై మన చట్టాల పోరాటమంతా ఒక్క విషయం చుట్టూనే తిరిగింది: ఇక్కడి పాలసీకి పూచీగా ఉండే సొమ్ము ఏ దేశంలో ఉండాలి?

1956కు ముందు విదేశీ కంపెనీలపై అదుపు లేదా? జీవిత బీమాను 1956లో, సాధారణ బీమాను 1973లో వేర్వేరుగా ఎందుకు జాతీయం చేశారు?
– పోటీ పరీక్షలకు చదువుతున్న పాఠకురాలు, వరంగల్

అదుపు మెల్లమెల్లగా బిగిసింది. 1912లో వచ్చిన భారత జీవిత బీమా కంపెనీల చట్టం విదేశీ కంపెనీలకే అనుకూలం, చాలా నిబంధనలు మన కంపెనీల మెడకే చుట్టుకున్నాయి. 1928 చట్టంతో ప్రభుత్వానికి భారతీయ, విదేశీ కంపెనీలు రెండింటి నుంచీ గణాంకాలు సేకరించే అధికారం వచ్చింది. అసలు మలుపు 1938 బీమా చట్టం. దాని 27వ సెక్షన్ కింద జీవిత బీమా బాధ్యతల్లో కనీసం 25 శాతానికి సరిపడా సొమ్ము ప్రభుత్వ సెక్యూరిటీల్లోనే పెట్టాలి, ఆమోదించిన సెక్యూరిటీల్లో పెట్టాల్సింది ఇంకొంత. విదేశీ కంపెనీలు ఇలా ఉంచాల్సిన ఆస్తులను, కొన్ని మినహాయింపులు పోగా, భారతదేశంలోనే, ఇక్కడ నివసించే ట్రస్టీల చేతిలో ఉంచాలి. ఆల్బర్ట్ నేర్పిన పాఠం మన చట్టంలోకి ఎక్కడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. మన కంపెనీలపై ఆంక్షలు పెట్టే దేశాల కంపెనీలపై ఇక్కడా అవే ఆంక్షలు పెట్టే అధికారాన్ని కూడా ఆ చట్టమే కేంద్రానికి ఇచ్చింది.

జీవిత బీమా అంటే ఇంటింటి పొదుపు, ఇరవై ముప్పై ఏళ్ల ఒప్పందం. ఆ సొమ్ము ప్రణాళికలకు కావాలనీ, కొన్ని కంపెనీలు దాన్ని దుర్వినియోగం చేశాయనీ ప్రభుత్వం భావించింది. నాటి ఆర్థిక మంత్రి సి.డి.దేశ్‌ముఖ్ రేడియోలో ఆ నిర్ణయం ప్రకటించారు. అగ్ని ప్రమాదాలు, ఓడ సరుకుల బీమా ఏడాదికోసారి తిరగరాసే ఒప్పందాలు. అవి ప్రైవేటు వ్యాపారంలో భాగమని అప్పటికి వదిలేశారు.

ఆ రంగంలో విదేశీ కంపెనీల పట్టు ఎక్కువ. కలకత్తాలో ట్రైటన్ 1850లోనే మొదలైంది. అన్ని రకాల సాధారణ బీమా చేసే మొదటి భారతీయ కంపెనీ ఇండియన్ మర్కంటైల్ వచ్చింది 1907లో. అంటే 57 ఏళ్ల ఎడం. చివరికి 1971 మే 13న నిర్వహణ, 1973 జనవరి 1 నుంచి యాజమాన్యం ప్రభుత్వానికి వచ్చాయి. మొత్తం 107 సంస్థలను నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు కంపెనీల కింద సర్దారు.

పరీక్షకు పనికొచ్చే తేడా ఒకటుంది. 107లో 55 భారతీయ కంపెనీల షేర్లను ప్రభుత్వం తీసుకుంది. మిగిలిన 52 సంస్థల విషయంలో షేర్లను కాకుండా వాటి ఇక్కడి వ్యాపారాన్ని తీసుకుంది. కారణం తేలికే. లండన్ కంపెనీ షేర్లు లండన్‌లో ఉంటాయి, మన పార్లమెంట్ చట్టం వాటిని అందుకోలేదు. కలకత్తాలోని దాని శాఖను, ఆ శాఖ ఆస్తులను అందుకోగలదు.

మన తెలుగువాళ్లు పెట్టిన బీమా కంపెనీలు ఉన్నాయా? అవి బయటి దేశాలకు వెళ్లాయా?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

మీ ఊళ్లోనే ఉంది. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ స్థాపించారు. విదేశీ కంపెనీలకు పోయే ప్రీమియం ఇక్కడే ఉండాలన్న స్వదేశీ పట్టుదల దేశమంతటా ఉన్న కాలమది.

బయటికి వెళ్లినవాటిలో ముందు చెప్పాల్సింది దోరాబ్జీ టాటా 1919లో పెట్టిన న్యూ ఇండియా. మరుసటి ఏడాదే లండన్‌లో శాఖ తెరిచింది. ఎల్‌ఐసీకి ఫిజీ, మారిషస్, బ్రిటన్‌లలో శాఖలున్నాయి. అక్కడివాళ్లకు ఎల్‌ఐసీ విదేశీ కంపెనీయే. కెన్యాలో మన ప్రభుత్వ బీమా సంస్థల వ్యాపారం అంతా కలిపి 1978లో కెనిండియా పేరుతో అక్కడే రిజిస్టరైన కంపెనీగా మార్చారు.

మా పాలసీ ఇచ్చిన కంపెనీలో విదేశీ భాగస్వామి వాటా అమ్ముకుని వెళ్లిపోతున్నారని వార్త. పాలసీ సరెండర్ చేయాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

ఆ ఒక్క కారణంతో సరెండర్ (గడువుకు ముందే పాలసీ వదులుకోవడం) చేయొద్దు. తొలి ఏళ్లలో సరెండర్ చేస్తే కట్టినదాంట్లో పెద్ద భాగం పోతుంది.

బీమా సంస్కరణలపై ఆర్.ఎన్.మల్హోత్రా కమిటీ 1994లో చెప్పిన దారిలోనే, బీమా నియంత్రణ సంస్థను (ఇప్పటి ఐఆర్‌డీఏఐ) ఏర్పరచిన 1999 ఐఆర్‌డీఏ చట్టంతో, విదేశీ కంపెనీలు తిరిగొచ్చాయి. ఈసారి నేరుగా శాఖ పెట్టనివ్వలేదు. భారతీయ భాగస్వామితో కలిసి ఇక్కడ కంపెనీ రిజిస్టర్ చేయాలి, కనీస మూలధనం 100 కోట్లు, విదేశీ వాటా 26 శాతం మించకూడదు. 2000 అక్టోబర్ 23న తొలి రిజిస్ట్రేషన్లు ఇచ్చారు. పాత పేర్లు కొన్ని అలా మళ్లీ కనిపించాయి. ప్రుడెన్షియల్ తన మొదటి విదేశీ జీవిత బీమా శాఖను 1923లో భారతదేశంలోనే తెరిచింది, తొలి పాలసీ అస్సాంలోని ఒక తేయాకు తోట దొరకు అమ్మింది. అదే కంపెనీ 2000లో ఐసీఐసీఐతో జతకట్టింది. 1956లో ఇక్కడి వ్యాపారం వదులుకున్న సన్ లైఫ్ బిర్లాతో కలిసి వచ్చింది. వాటా పరిమితి 2015లో 49కి, 2021లో 74కి పెరిగింది.

వెళ్లిపోయినవాళ్లూ తక్కువేమీ కాదు. న్యూయార్క్ లైఫ్ 2012లో మ్యాక్స్‌లోని తన వాటాను జపాన్‌కు చెందిన మిత్సుయి సుమిటోమోకు అమ్మింది. ఐఎన్‌జీ 2013లో తప్పుకుంది. దాని వాటా ఉన్న ఇక్కడి కంపెనీ ఎక్సైడ్ లైఫ్‌గా మారి, 2022లో హెచ్‌డీఎఫ్‌సీ లైఫ్‌లో కలిసింది. బజాజ్ కంపెనీల్లో తన 26 శాతం వాటా అమ్మడానికి అలియాంజ్ 2025 మార్చిలో ఒప్పందం చేసుకుంది.

మీ ఒప్పందం ఇక్కడ రిజిస్టరైన కంపెనీతో. వాటాదారు మారితే ఒప్పందం షరతులు మారవు. పాలసీదారుల సొమ్మును దేశం బయట పెట్టకూడదని బీమా చట్టం 27ఈ సెక్షన్ చెబుతోంది, కాబట్టి వెళ్లేవాళ్లు తమ షేర్ల ధర తీసుకుంటారు తప్ప మీ నిధిలోంచి ఏమీ తీసుకెళ్లలేరు.

మీరు చూడాల్సింది సాల్వెన్సీ నిష్పత్తి, అంటే క్లెయిమ్‌లు చెల్లించే స్తోమత కంపెనీకి ఎంత ఉందో చెప్పే అంకె. కంపెనీ వెబ్‌సైట్‌లో 'పబ్లిక్ డిస్‌క్లోజర్స్' కింద మూడు నెలలకోసారి పెడతారు. అది 1.5కు తగ్గకూడదు. వరుసగా నాలుగు త్రైమాసికాలు చూడండి. 1.5కు దగ్గరపడుతూ జారుతుంటే కొత్త పాలసీ తీసుకునే ముందు ఆగి ఆలోచించాలి. పేరు మారే సమయంలో మోసగాళ్లు 'మీ పాలసీ రద్దవుతుంది, కొత్త ఖాతాకు ప్రీమియం పంపండి' అని ఫోన్లు చేస్తారు. అలాంటప్పుడు పాత రసీదు మీదున్న నంబరుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. కంపెనీ ఫిర్యాదు తోసిపుచ్చితే ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, 50 లక్షల రూపాయల దాకా వివాదాలు తీసుకుంటారు, ఫీజు లేదు.

దుబాయ్‌లో పదేళ్లు పనిచేసి తిరిగొచ్చాను. అక్కడ ఒక విదేశీ కంపెనీలో డాలర్ల జీవిత బీమా తీసుకున్నా. కొనసాగించవచ్చా? మా తమ్ముడు ఇక్కడే ఉంటాడు, అతనూ తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజంపేట

మీరు కొనసాగించవచ్చు. బయట నివసిస్తున్నప్పుడు తీసుకున్న పాలసీని తిరిగొచ్చాక ఉంచుకోవడానికి 2015 నాటి ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) బీమా నిబంధనలు ఒప్పుకుంటాయి. షరతు ఒకటి: తిరిగొచ్చాక ప్రీమియాన్ని భారతదేశం నుంచి పంపితే, మెచ్యూరిటీ లేదా క్లెయిమ్ సొమ్ము చేతికందిన ఏడు రోజుల్లోపు బ్యాంకు ద్వారా ఇక్కడికి తెచ్చుకోవాలి. చాలామంది ఆ సొమ్మును దుబాయ్ ఖాతాలోనే నెలల తరబడి వదిలేసి ఇక్కడే తప్పు చేస్తారు. ప్రీమియం పంపిన ప్రతిసారీ బ్యాంకు ఇచ్చే పత్రం దాచుకోండి.

రెండోది ఆదాయ పన్ను. మీరు పన్ను చట్టం దృష్టిలో పూర్తి రెసిడెంట్ అయ్యాక, నగదు విలువ ఉన్న విదేశీ పాలసీని రిటర్నులో 'షెడ్యూల్ ఎఫ్ఏ'లో చూపాలి. ఆదాయం ఏమీ రాకపోయినా చూపాల్సిందే. చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. 2024 అక్టోబర్ నుంచి, స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు మించకపోతే ఆ జరిమానా వర్తించదు. చూపాల్సిన బాధ్యత మాత్రం పోదు.

మీ తమ్ముడి సంగతి వేరు. ఇక్కడ నివసిస్తున్న వ్యక్తి, ఆర్‌బీఐ సాధారణ లేదా ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప, విదేశంలోని కంపెనీ నుంచి జీవిత బీమా తీసుకోకూడదు. ఆరోగ్య బీమా తీసుకోవచ్చు, ప్రీమియంతో కలిపి ఏడాదికి పంపే మొత్తం 2,50,000 డాలర్లు దాటకుండా. ఇల్లు, ఫ్యాక్టరీ లాంటి ఇక్కడి ఆస్తులకు విదేశీ కంపెనీ దగ్గర బీమా చేయించాలంటే ఐఆర్‌డీఏఐ ముందస్తు అనుమతి కావాలి. అది లేకుండా చేస్తే 5 కోట్ల దాకా జరిమానా ఉంది. హోటల్లో మీటింగు పెట్టి డాలర్ పాలసీ అమ్ముతున్న ఏజెంటు ఎవరైనా కలిస్తే, ఆ కంపెనీకి ఐఆర్‌డీఏఐ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడగమని మీ తమ్ముడికి చెప్పండి. నంబరు చెప్పలేకపోతే చెక్కు రాయొద్దు.